టేకు కింద ఆకు ఎందుకు చివకడం లేదు? చెట్టు జాతి, అడవి రకం, ఆకు మట్టిగా మారే తీరుపై చర్చ

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. సామూహిక అటవీ హక్కుల కింద మా గ్రామసభకు దఖలుపడిన అడవిలో పక్కపక్కనే రెండు రకాల నేలలున్నాయి. ఒకవైపు ఎప్పుడో నాటిన టేకు ప్లాంటేషన్ ఉంది, అందులో టేకు తప్ప మరో పెద్ద చెట్టు లేదు. దాన్ని ఆనుకొని వాగు వైపున నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, రేల, వెదురు కలిసి పెరిగిన పాత అడవి ఉంది. రెండింటి మీదా కురిసే వాన ఒకటే, మట్టి కూడా చూపుకు ఒకటే. అయినా దసరా నాటికి పాత అడవిలో కాలు పెడితే మెత్తటి నల్లమట్టి తగులుతుంది, కిందటి వేసవి ఆకు ఆనవాలు పెద్దగా కనిపించదు. టేకు కింద మాత్రం పాత ఆకులు ఈనెలతో సహా ఇంకా మిగిలి ఉంటాయి, వాటిని తొలగిస్తే గట్టిపడిన ఎర్రనేల మీద నీళ్లు కోసిన చారలు కనిపిస్తాయి.

ఈ తేడా చెట్టు జాతి వల్ల వచ్చిందా, అడవి రకం వల్ల వచ్చిందా? ఖాళీగా ఉన్న వాలు మీద ఏ మొక్కలు నాటాలో వచ్చే గ్రామసభలో తేల్చుకోవాలి. టేకు వేస్తే పిల్లల కాలానికి కలప చేతికొస్తుందని కొందరి పట్టు, వాగు ఎండకుండా ఉండాలంటే కలగలుపు అడవే కావాలని మరికొందరి వాదన. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాజురా రైతు (చంద్రపూర్ జిల్లా)

నా అనుభవంలో ఆకు కుళ్ళడం వానను బట్టి, నేలను బట్టి ఉంటుంది. తడి ఉంటే ఏ ఆకైనా మట్టిలో కలుస్తుంది, తడి లేకపోతే ఏ ఆకూ కలవదు. మీ పాత అడవి వాగును ఆనుకొని ఉందని మీరే రాశారు కాబట్టి, కారణం అక్కడే వెతకండి.

వంశధార (గుణుపూర్, రాయగడ జిల్లా)

రాజురా రైతు గారి మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. ఎడారిని, చలి దేశాన్ని, మన ప్రాంతాన్ని పక్కపక్కన పెట్టి పోల్చితే వేడి, తడి అనే రెండింటి పెత్తనమే కనిపిస్తుంది. అయితే ఒకే వాతావరణం ఉన్న చోట నిలబడి చూసినప్పుడు లెక్క మారుతుంది. ఆరు ఖండాలలో జరిగిన 66 ప్రయోగాలను, 818 మొక్క జాతుల ఆకులను కలిపి చూసి 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒకే ప్రాంతంలోని జాతుల మధ్య వచ్చిన తేడా వాతావరణం వల్ల వచ్చిన తేడా కంటే ఎక్కువని తేలింది.

ఆకులో ఏముందన్నది చూస్తే దీని కారణం అర్థమవుతుంది. రాలిన ఆకులోంచి తొలి వానలకే పొటాష్, చక్కెరలు నీటిలో కరిగి వెళ్ళిపోతాయి. తరువాత సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను, అంటే ఆకులోని పీచును తింటాయి. చివరకు మిగిలేది లిగ్నిన్, అంటే ఆకుకూ ఈనెకూ గట్టిదనమిచ్చే పదార్థం. దాన్ని పూర్తిగా విడగొట్టగల శక్తి ప్రధానంగా కొన్ని శిలీంధ్రాలకే ఉంది. పుల్లను తెల్లగా, పీచుపీచుగా మార్చే జాతులవి. ఇక ఆకును తినే సూక్ష్మజీవులకు తమ ఒంటిని కట్టుకోవడానికి నత్రజని కావాలి. ఆకులో కర్బనం మెండుగా ఉండి నత్రజని కొరవడితే అవి చుట్టూ ఉన్న మట్టిలోంచి దాన్ని లాక్కుంటాయి, పని మందగిస్తుంది. అందుకే లిగ్నిన్‌ను నత్రజనితో భాగించగా వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే ఆకు అంత ఆలస్యంగా చివుకుతుందని చెబుతారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ అడవుల చెట్ల ఆకులతో మెలిల్లో, ఏబర్, మురటోర్ 1982లో ప్రచురించిన పని తరువాత ఈ కొలత బాగా వాడుకలోకి వచ్చింది.

ఆకును బట్టి ఇంత తేడా వస్తున్నప్పుడు చెట్టు జాతిని పక్కన పెట్టలేము. అయితే టేకు ఆకు అందరూ అనుకునేంత మొండి ఆకు కాదు. జీడిమామిడి, సరుగుడు ఆకులతో పోల్చితే అది తొందరగానే తగ్గుతుంది. కాబట్టి ప్రాణహిత ఒడ్డు గారి ప్లాంటేషన్‌లో ఆకుతో పాటు ఆ నేలను కూడా అనుమానించాలి.

జీడితోట (పర్లాఖిమిండి, గజపతి జిల్లా)

వంశధార మాస్టారూ, నత్రజనే ప్రధానమైతే గాలిలోని నత్రజనిని పట్టుకునే చెట్ల ఆకులన్నీ తొందరగా కుళ్ళాలి కదా? మా ఊళ్ళో గట్ల మీది గ్లైరిసిడియా కొమ్మ నరికి పొలంలో వేస్తే కొద్ది వారాల్లోనే పుల్లలు తప్ప ఏమీ మిగలవు. సరుగుడు కూడా నత్రజనిని పట్టుకునే చెట్టేనని వ్యవసాయ శాఖ వారు చెప్పారు, కానీ ఆ తోటలో రాలినది పరుపులా పేరుకొని ఏళ్ళ తరబడి అలాగే ఉంటోంది.

సాలవనం (జయపురం, కొరాపుట్ జిల్లా)

మాస్టారి బదులు నేను చెబుతాను, ఆయన అన్యథా భావించరని ఆశిస్తున్నాను. సరుగుడు వేళ్ళలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నత్రజనిని పట్టి ఇస్తుంది, అది నిజమే. కానీ ఆ చెట్టు రాల్చేది మనం పిలిచే అర్థంలో ఆకు కాదు. పచ్చగా, సన్నగా ఉండే పుల్లలాంటి కొమ్మ. అందులో లిగ్నిన్, టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువ. టానిన్లు మాంసకృత్తులకు అంటుకొని వాటిని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి, అంటే ఆకులో నత్రజని ఉన్నా తినేవాడి నోటికి చేరదు. మీ జీడి ఆకుకూ ఇదే ఇబ్బంది. నల్లమద్ది, కరక్కాయ, తాని చెట్లలోనూ టానిన్లు దండిగా ఉంటాయి. ఒక చెట్టు నత్రజనిని పట్టుకుంటుందన్న మాట విని దాని ఆకు ఎరువుగా పనికొస్తుందని తేల్చుకోకూడదు.

మా వైపు కొండల మీద కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ పెంచుతారు. దాని ఆకు కూడా దట్టంగా పేరుకుంటుంది. అదే తోటలో పనస, మామిడి, పాత అడవి చెట్లు కలిసి ఉన్న మూలల్లో మట్టి రంగే వేరు. నీడ చెట్టును కేవలం నీడ కోసం ఎంచుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

మోటు (మల్కన్‌గిరి జిల్లా)

మా ప్రాంతంలో టేకు సహజంగానే పెరుగుతుంది, ఎవరూ నాటింది కాదు. కాబట్టి ఈ చర్చలో నాకు తెలిసింది రాస్తాను. నైలాన్ వలతో కుట్టిన సంచుల్లో ఎండిన టేకు ఆకును తూచి పెట్టి, కొన్నింటిని టేకు మాత్రమే ఉన్న చోట, మిగిలినవాటిని టేకు, వెదురు, నల్లమద్ది కలిసి ఉన్న చోట నేల మీద పరిచాము. వానలు తగ్గాక తీసి చూస్తే, కలగలుపు అడవిలోని సంచుల్లో ఆకు పొడిపొడిగా రాలిపోయి, ఈనెల మధ్య తెల్లని శిలీంధ్రపు దారాలు అల్లుకొని, సంచి అడుగున రోకలిబండ పురుగులు, సన్నటి వానపాములు కనిపించాయి. ఒట్టి టేకు కింద పెట్టిన సంచుల్లో అదే ఆకు రంగు మారి పెళుసెక్కింది తప్ప ఆకారం చెడలేదు. రెండు చోట్లా పెట్టినవి ఒకే చెట్టు నుంచి ఏరిన ఆకులు.

మరో సంగతి చెప్పకపోతే తప్పుదారి పట్టిస్తుంది. వల కన్ను పెద్దదైతే చెదలు సంచిలోకి వచ్చి ఆకును మోసుకుపోతాయి. పైకి చూస్తే ఆకు కుళ్ళినట్టే ఉంటుంది, నిజానికి అది పుట్టలోకి చేరింది. మనలాంటి ఎండు అడవుల్లో చెదల వాటా చిన్నది కాదు. అందువల్ల చిన్న కన్ను, పెద్ద కన్ను సంచులు రెండూ పక్కపక్కన పెట్టి, తేడాను చెదలు, ఇతర పురుగుల ఖాతాలో రాసుకోవాలి.

ప్రాణహిత ఒడ్డు

మోటు గారూ, ఎంతో ఉపయోగపడే సంగతి చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం. మా టేకు కింద ఈనెల వల మాత్రమే మిగిలి, మధ్యలో ఆకు లేని ఎండుటాకులు చాలా కనిపిస్తాయి. వాటిని సగం కుళ్ళినవిగా లెక్కించవచ్చా?

మోటు

లెక్కించకండి. వానాకాలం చివర్లో టేకు ఆకును చెట్టు మీదనే ఒక గొంగళిపురుగు గీకి తింటుంది, ఈనెలను మాత్రం వదిలేస్తుంది. ఆ ఆకు రాలేటప్పటికే జల్లెడలా ఉంటుంది. అందులో మిగిలింది లిగ్నిన్ ఎక్కువగా ఉన్న భాగం కాబట్టి నేల మీద అది మరింత ఆలస్యంగా చివుకుతుంది. తొలకరి నాటి లేత చిగుళ్ళను తినే పురుగు వేరే ఉంది. ఈ రెండింటి పెంటిక మాత్రం నేల మీద పడగానే కలిసిపోతుంది. తూచడానికి పురుగు తగలని ఆకులనే ఏరుకోండి.

సాలవనం

మోటు గారి సంచులు చెప్పిన విషయాన్ని కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ప్రాణహిత ఒడ్డు గారి ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. చెట్టు నేల మీద రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి తాను రాల్చిన ఆకు గుణం ద్వారా, రెండోది తన నీడ ద్వారా. టేకు చలికాలం నుంచే ఆకు రాల్చడం మొదలుపెట్టి, వేసవి అంతా మోడుగా నిలబడుతుంది. ఒట్టి టేకు తోటలో మార్చి నుంచి జూన్ దాకా ఎండ నేరుగా నేలకు తగిలి, ఆకు పొరలో చెమ్మ ఏమాత్రం మిగలదు. వానపాములు లోతుకు దిగిపోతాయి, శిలీంధ్రాలు నిద్రాణమవుతాయి. కొరాపుట్ సాల అడవిలో అలా జరగదు. సాల, అంటే గుగ్గిలం చెట్టు, ఎండాకాలం మొదట్లో ఆకు రాలుస్తూనే చిగురు వేస్తుంది, పూర్తిగా మోడుబారదు. అందువల్ల ఆకు కింద చెయ్యి పెడితే ఏప్రిల్‌లో కూడా కొంత చల్లదనం తెలుస్తుంది.

అయితే సాల అడవిలో ఆకు వెంటనే మాయమవుతుందని అనుకోకండి. ఆ ఆకు దళసరి, తోలులా ఉంటుంది. విస్తళ్ళు కుట్టడానికి దాన్ని పనికొచ్చేలా చేసిన గట్టిదనమే కుళ్ళడాన్ని ఆలస్యం చేస్తుంది. పైగా సాల వేళ్ళను అంటిపెట్టుకొని బయట తొడుగులా అల్లుకునే శిలీంధ్రాలున్నాయి, తొలకరి తరువాత సాల అడవుల్లో లేచే పుట్టగొడుగులలో చాలా భాగం వాటివే. ఈ రకం వేరు శిలీంధ్రాలు ఆకు పొరలోని పోషకాలను చెట్టు కోసం ముందుగా పట్టుకోవడం వల్ల ఆకును కుళ్ళబెట్టే ఇతర జీవులకు కొరత ఏర్పడవచ్చని న్యూజిలాండ్‌లో పైన్ తోటల మీద గాడ్గిల్ దంపతులు 1971లో చూపించారు. అన్ని అడవుల్లోనూ అలాగే జరుగుతుందని తేలలేదు కానీ, సాల అడవిని చదివేటప్పుడు దాన్ని గుర్తుంచుకోవాలి. టేకు వేళ్ళలో ఉండే శిలీంధ్రాలు వేరే వర్గానికి చెందినవి.

కాబట్టి మీ రెండు నేలల తేడాలో టేకు ఆకు పాత్ర ఉంది. కానీ టేకు ఒంటరిగా ఉండటం పాత్ర అంతకంటే పెద్దదని నా అభిప్రాయం.

రాజురా రైతు

అంటే తడే ప్రధానమన్న నా మాట నిలబడినట్టే కదా. ఆ తడిని నిలిపేది వాగు కాదు, పక్క చెట్టు అన్నది మాత్రం నేను కొత్తగా తెలుసుకున్నాను. అయితే నాలుగు రకాల ఆకులు కలిసినంత మాత్రాన ప్రతిదీ తొందరగా కుళ్ళుతుందా?

వంశధార

ప్రతిసారీ కాదు. ఆకులు కలిపి పెట్టిన ప్రయోగాల్లో కొన్నిసార్లు విడివిడి లెక్క కంటే వేగం పెరిగింది, కొన్నిసార్లు మారలేదు, కొన్నింట్లో తగ్గింది కూడా. నత్రజని ఎక్కువగా ఉన్న మెత్తటి ఆకు పక్కన మొండి ఆకు ఉంటే, శిలీంధ్రపు దారాలు ఒకదానిలోంచి మరొకదానిలోకి నత్రజనిని మోసుకెళ్ళి మొండి ఆకుకు మేలు చేస్తాయి. టానిన్లు ఎక్కువగా ఉన్న ఆకు పక్కన చేరితే ఆ టానిన్లు వానకు కారి మంచి ఆకును కూడా వెనక్కు లాగవచ్చు. కలగలుపులో ఏవేవి కలిశాయన్నదే ముఖ్యం.

ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ప్రాణహిత ఒడ్డు గారూ, మీ టేకు తోటకు వేసవిలో నిప్పు పడుతుందా?

ప్రాణహిత ఒడ్డు

పడుతుంది మాస్టారూ. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రంగా ఉండాలని కొందరు, తునికాకు లేతగా రావాలని ఇంకొందరు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకుకు నిప్పు పెడతారు. అది టేకులోకి పాకుతుంది. పాత అడవిలోకి వాగు వైపు అంతగా రాదు.

వంశధార

అలాగైతే మీ ప్రశ్నలో సగం అక్కడే తీరిపోయింది. నిప్పు పడిన ఏడాది ఆకు కుళ్ళే ప్రసక్తే లేదు. ఆకులోని కర్బనంతో పాటు నత్రజనిలో అధికభాగం పొగగా గాలిలో కలుస్తుంది. కాల్షియం, పొటాష్, భాస్వరం బూడిదలో మిగులుతాయి కానీ, వాలు మీద ఆ బూడిదను జూన్ తొలి జడివాన వాగులోకి కడిగేస్తుంది. దీనికి తోడు టేకు పెద్ద ఆకు మీద వాన నీరు చేరి పెద్ద పెద్ద బొట్లుగా జారుతుంది. కింద ఆకు పొర, పొదలు ఉంటే ఆ దెబ్బ నేలకు తగలదు. అవి కాలిపోయిన చోట ప్రతి బొట్టూ మట్టిని చెదరగొడుతుంది. మీరు చెప్పిన గట్టి ఎర్రనేల, నీటి చారలు ఇలా వచ్చినవే. ఇందులో టేకు ఆకు చేసిన నేరం చాలా తక్కువ.

మా వైపు కొండపోడులో కూడా ఇదే లెక్క. బూడిద వల్ల మొదటి పంట బాగా వస్తుంది. పూర్వం నేలను చాలా ఏళ్ళు విడిచిపెట్టేవారు కాబట్టి మళ్ళీ ఆకు పొర కట్టేది. ఇప్పుడు ఆ విరామం కుదించుకుపోయింది, పొర కట్టకముందే మళ్ళీ నిప్పు.

జీడితోట

మా తోటల్లోనూ గింజ రాలే కాలానికి ముందు ఆకు ఊడ్చి తగలబెడతారు, లేకపోతే గింజ కనపడదు. తగలబెట్టకుండా ఏమి చేయాలో చెప్పండి. ఎండు జీడి ఆకును దమ్ములో తొక్కితే వరి పసుపుబారిందని మా పెదనాన్న మళ్ళీ ఆ పని చేయనివ్వలేదు.

సాలవనం

పెదనాన్నగారు చూసింది సరైనదే. కర్బనం, నత్రజని నిష్పత్తి సుమారు 25 లేదా 30 దాటిన ఆకును పచ్చిగా పొలంలో కలిపితే సూక్ష్మజీవులు పైరు నత్రజనిని తాము లాక్కుంటాయి. జీడి ఎండుటాకులో ఆ నిష్పత్తి అంతకంటే బాగా ఎక్కువ. కాబట్టి ఊడ్చిన ఆకును తోటలోనే వాలుకు అడ్డంగా తీసిన కందకాల్లో వేసి, మధ్య మధ్య గ్లైరిసిడియా లేదా కానుగ పచ్చి రొట్ట పరిచి, పేడనీళ్ళు చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. ఒక వానాకాలం పూర్తిగా గడిచాక దాన్ని చెట్టు పాదులో వేసుకోవచ్చు. వరికి మాత్రం అది నల్లగా, పొడిగా, ఆకు ఆకారం పోయాకనే వాడండి.

ప్రాణహిత ఒడ్డు

పెద్దలందరి మాటలూ ఈ వారం మా కమిటీ ముందు పెట్టాను. వాలు మీద ఒట్టి టేకు వేయకూడదని, టేకును పూర్తిగా వదలనూ కూడదని అందరూ ఒప్పుకున్నారు. టేకు వరుసల మధ్య ఏగిస, కానుగ, ఉసిరి, వెదురు నాటాలని, పాత అడవి అంచున మాత్రం ఏమీ నాటకుండా నిప్పును ఆపి తనంతట తాను పాకనివ్వాలని అనుకుంటున్నాము. ఇప్పచెట్ల కింద తగలబెట్టడానికి బదులు ఊడ్చి, పువ్వు రాలే నెలల్లో పాత చీరలు లేదా వలలు పరచమని ఆడవాళ్ళే ప్రతిపాదించారు. సంచుల ప్రయోగం కూడా చేస్తాము. ఎప్పుడు పెట్టాలి, ఎలా లెక్కించాలి?

వంశధార

మీ కమిటీ నిర్ణయం చదివి చాలా సంతోషించాను. ఏగిస, కానుగ రెండూ నత్రజనిని పట్టుకునే చిక్కుడు కుటుంబపు చెట్లే కాబట్టి టేకు ఆకుకు మంచి తోడు.

నీడలో ఆరబెట్టిన ఆకును ఒక్కో సంచిలో 10 గ్రాముల చొప్పున తూచి వేయండి. టేకు, నల్లమద్ది, కానుగ విడివిడిగా కొన్ని, మూడూ కలిపి కొన్ని. ప్రతి రకాన్నీ టేకు తోటలోనూ, పాత అడవిలోనూ పెట్టండి. అప్పుడే ఆకు వల్ల వచ్చిన తేడా, చోటు వల్ల వచ్చిన తేడా విడిపోతాయి. అన్నీ ఒకే రోజున, జూన్ మొదటి వారంలో, తొలకరికి ముందే పెట్టాలి. ఫిబ్రవరిలో పెడితే మే దాకా దాదాపు కదలిక ఉండదు, జూలై నుంచి సెప్టెంబరు వరకు ఒక్కసారిగా తగ్గుతుంది. కొన్ని అప్పుడు, కొన్ని ఇప్పుడు పెడితే పోల్చడానికి వీలుండదు. నెలకోసారి ప్రతి రకంలో మూడు సంచుల చొప్పున తీసి, మట్టిని మెత్తటి కుంచెతో దులిపి, ఆరబెట్టి తూచండి.

లెక్కకు 1963లో ఓల్సన్ ఇచ్చిన సూత్రం వాడతారు. మిగిలిన బరువును మొదటి బరువుతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను కాలంతో భాగించి, గుర్తు మారిస్తే కుళ్ళే రేటు వస్తుంది. ఆ రేటు ఏడాదికి 2 అని తేలితే సగం బరువు తగ్గడానికి సుమారు 4 నెలలు, 95 శాతం తగ్గడానికి ఏడాదిన్నర పడుతుందని అర్థం. మన రుతుపవనాల నేలలో రేటు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు కాబట్టి, నెలవారీ బరువులను విడిగా రాసి పెట్టుకోవడం మరవద్దు.

మోటు

ఒక్క మాట కలుపుతాను. సంచులను ఇనుప మేకులతో కాకుండా వెదురు పుల్లలతో నేలకు గుచ్చండి, ఏ చెట్టు కింద పెట్టారో ఆ చెట్టుకు గుర్తు కట్టండి, పశువులు తిరిగే దారికి దూరంగా పెట్టండి. వల కన్ను రెండు రకాలు తీసుకోవడం మరవకండి. సిరొంచలో దొరకకపోతే దోమతెర గుడ్డ చిన్న కన్నుకు సరిపోతుంది.

ప్రాణహిత ఒడ్డు

దోమతెర గుడ్డ ఇక్కడే దొరుకుతుంది, పెద్ద కన్ను వల నది మీద చేపలు పట్టేవారి దగ్గర తీసుకుంటాము. బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు సంచులు కుడతామన్నారు. అక్టోబరులో వచ్చిన బరువులను ఇదే చర్చలో రాస్తాను. సాలవనం గారు వీలైతే మాతో పాటే జూన్‌లో కొరాపుట్ సాల అడవిలో కూడా మా టేకు ఆకుతో నాలుగు సంచులు పెట్టించగలరా?

సాలవనం

తప్పకుండా. పురుగు తగలని ఎండుటాకును మే నెలాఖరుకల్లా కాగితపు సంచిలో పంపండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు, దారిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇక్కడి సాల ఆకును నేనూ మీకు పంపుతాను, మీ పాత అడవిలో పెట్టండి.